సెన్సర్లతో ఆహారం రుచిని కొలవడం ఎలా? ఉప్పు, పులుపు, తీపి మొదలు ఎలక్ట్రానిక్ నాలుక దాకా

"సూప్‌లో ముంచగానే రుచి ఎలా ఉందో చెప్పే సెన్సర్ ఏదైనా ఉందా?" ఈ ప్రశ్న రకరకాలుగా వస్తూనే ఉంది. ఒకరికి ప్రతి బ్యాచ్‌లోనూ సాస్ ఒకేలా రావాలి. ఇంకొకరికి కాలేజీ ప్రాజెక్టు. మరొకరికి ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పారు, ఎంత తింటున్నారో తెలుసుకోవాలి. అందరికీ సమాధానం ఒకటే. ముంచగానే "బాగుంది" అని చెప్పే సెన్సర్ లేదు. ఉప్పుకు ఒక మీటరు, పులుపుకు ఒకటి, తీపికి ఒకటి ఉన్నాయి. ఈ మూడూ ఇంట్లో, చిన్న వర్క్‌షాపులో వాడుకోదగ్గవే. చేదు, ఉమామీ (మాంసం రసం, పుట్టగొడుగుల్లో తగిలే కమ్మటి రుచి) వేరే కథ, వాటి సంగతి తర్వాత చెబుతాను.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. మీటరు చూసేది రుచిని కాదు, ద్రవంలో కరిగి ఉన్నవాటిని. కాబట్టి "పీహెచ్ 3.8 వచ్చింది, ఇది బాగుందా?" అని అడిగితే ఎవరూ చెప్పలేరు. (పీహెచ్ అంటే ఆమ్లం బలాన్ని చెప్పే అంకె, అది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ.) మీకు నచ్చిన బ్యాచ్‌ని ఒకసారి కొలిచి పెట్టుకోండి. ఆ తర్వాత వచ్చే ప్రతి అంకెనూ దానితో పోల్చండి.

ఏమేం కావాలి

- ఈసీ మీటరు. ద్రవంలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో కొలుస్తుంది. కనీసం 0 నుంచి 10 మిల్లీసీమెన్స్ వరకు చూపించేది తీసుకోండి. టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగినవాటిని చూపేది) ఉంటే అదీ లోపల ఇదే పని చేస్తుంది, కాకపోతే వచ్చిన విలువను 0.5తోనో 0.7తోనో గుణించి పీపీఎంలో (పది లక్షల్లో ఎన్ని భాగాలో) చూపిస్తుంది. ఏ గుణకం వాడుతుందో తెలియకపోతే రెండు మీటర్ల అంకెలు కలవవు. అందుకే ఈసీ మోడ్ ఉన్నదే కొనండి.
- పీహెచ్ మీటరు. 0.01 వరకు చూపించాలి, ప్రోబ్ మార్చుకునే వీలుండాలి. దానితోపాటు 7.00, 4.01 బఫర్లు (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలు), ప్రోబ్ నిల్వ ద్రావణం.
- డిజిటల్ రిఫ్రాక్టోమీటరు. తీపిని బ్రిక్స్‌లో (చక్కెర శాతం లాంటి కొలత) చూపించేది. ఇది కాంతితో పనిచేస్తుంది.
- 0.1 గ్రాము వరకు చూపే తూకం. 0.01 అయితే ఇంకా మంచిది.
- థర్మామీటరు, డిస్టిల్డ్ వాటర్, మామూలు ఉప్పు, చక్కెర, కాఫీ ఫిల్టర్ లేదా సన్నని గుడ్డ, ఒకే సైజు గ్లాసులు, నోటుబుక్కు.

ఒక్కటే కొనగలిగితే ఈసీ మీటరు కొనండి. చవక, గట్టిది, బ్యాచ్‌ల మధ్య తేడా ముందుగా పట్టిచ్చేది అదే. పీహెచ్ ప్రోబ్‌కి చాకిరీ ఎక్కువ. ఎండబెట్టినా, గీతలు పడినా పాడవుతుంది. బాగా చూసుకున్నా కొన్నాళ్లకు మార్చాల్సిందే.

ముందు శాంపిల్ సరిగ్గా ఉండాలి

"మీటరు పిచ్చి అంకెలు చూపిస్తోంది" అనేవాళ్లలో ఎక్కువమందికి సమస్య మీటరులో ఉండదు, గ్లాసులో ఉంటుంది. ఈ భాగం దాటేసి ముందుకు వెళ్లకండి.

1. పాత్ర అడుగు నుంచి పైదాకా బాగా కలిపి తీయండి. చిక్కటి పదార్థాల్లో ఉప్పు, చక్కెర అడుగున పేరుకుంటాయి.

2. గట్టి పదార్థమైతే తూచి, తెలిసినంత డిస్టిల్డ్ వాటర్ పోసి మెత్తగా రుబ్బండి. ఎంత నీళ్లు పోశారో రాసుకోండి. లెక్కలో అది మళ్లీ కావాలి.

3. వడగట్టండి. పిప్పి, గుజ్జు ప్రోబ్‌కి అంటుకుంటే రీడింగ్ నిలవదు.

4. పైన నూనె తేలుతుంటే ఫ్రిజ్‌లో పెట్టి, గడ్డకట్టిన కొవ్వు తీసేయండి. గడ్డకట్టని నూనెనైతే చెంచాతో తీయాలి. కొవ్వులో కరెంటు పారదు, పైగా ప్రోబ్‌కి పొరలా పట్టేస్తుంది.

5. గ్యాస్ ఉన్న పానీయమైతే బుడగలు ఆగేదాకా ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి తిరగపోయండి. కార్బన్ డయాక్సైడ్ కూడా ఆమ్లమే, పులుపు లెక్కలోకి దూరుతుంది. బుడగలు ప్రోబ్ మీద కూర్చుంటే ఈసీ కూడా పడిపోతుంది.

6. మూతపెట్టి 25 డిగ్రీలకు చల్లార్చండి. మూత లేకపోతే నీరు ఆవిరైపోయి ఉప్పు శాతం పెరుగుతుంది. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే ఈసీ సుమారు 2 శాతం పెరుగుతుంది. మీటరులో ఆటో సవరణ ఉందని ధైర్యపడి పొగలు కక్కే సూప్‌లో ముంచకండి. గది ఉష్ణోగ్రతకు అటూ ఇటూ ఉన్నప్పుడే ఆ సవరణను నమ్మొచ్చు.

7. పాత్రలోంచి మూడు వేర్వేరు శాంపిళ్లు తీయండి. ఒకే గ్లాసులో మూడుసార్లు ముంచితే మీటరు నిలకడ తెలుస్తుంది కానీ, వంటంతా ఒకేలా ఉందో లేదో తెలియదు.

హెచ్చరిక: ప్రోబ్ ముంచిన శాంపిల్‌ని తినకండి, తిరిగి పాత్రలో పోయకండి. పీహెచ్ ప్రోబ్ కొన పల్చటి గాజు. అది పగిలితే ముక్క కంటికి కనిపించకపోవచ్చు.

ఉప్పు: ఈసీ మీటరుతో

ఉప్పు నీళ్లలో కరిగితే సోడియం, క్లోరైడ్ అయాన్లుగా విడిపోతుంది. అయాన్లు ఎంత ఎక్కువుంటే కరెంటు అంత బాగా పారుతుంది. సిద్ధాంతం ఇంతే. మీటరు మీది, ఉప్పు మీది కాబట్టి కాలిబ్రేషన్ పట్టిక (ఏ రీడింగ్‌కి ఎంత ఉప్పో చెప్పేది) కూడా మీరే తయారు చేసుకోవాలి.

1. 990 గ్రాముల డిస్టిల్డ్ వాటర్‌లో 10 గ్రాముల ఉప్పు పూర్తిగా కరిగించండి. ఇది 1 శాతం ఉప్పునీరు. దీన్ని మూల ద్రావణం అందాం.

2. నాలుగు గ్లాసులు వరుసగా పెట్టి, మూల ద్రావణం 5, 10, 15, 20 గ్రాములు పోయండి. ఒక్కోదాన్నీ డిస్టిల్డ్ వాటర్‌తో సరిగ్గా 100 గ్రాములకు తెండి. ఇప్పుడు మీ దగ్గర 0.05, 0.10, 0.15, 0.20 శాతం ఉప్పునీళ్లున్నాయి. ఇలా చేస్తే చిటికెడు ఉప్పును సున్నితమైన తూకంలో తూచే తలనొప్పి ఉండదు.

3. ప్రోబ్‌ని డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, కొలవబోయే ద్రావణంతో కూడా ఒకసారి కడిగి ఆ నీళ్లు పారబోయండి. తర్వాత ముంచండి. ప్రోబ్ గ్లాసు గోడకు, అడుగుకు తగలకూడదు. కాస్త ఆడిస్తే లోపలి గాలిబుడగ బయటికి వస్తుంది.

4. పల్చటి గ్లాసు నుంచి చిక్కటి గ్లాసుకు వెళుతూ కొలవండి. 25 డిగ్రీల దగ్గర సుమారు 1.0, 2.0, 2.9, 3.8 మిల్లీసీమెన్స్ రావాలి. వీటికి చాలా దూరంగా వస్తే ముందు 1413 మైక్రోసీమెన్స్ ప్రామాణిక ద్రావణంతో మీటరుని సరిచేసుకోండి.

5. శాంపిల్ 10 గ్రాములు తీసుకుని 90 గ్రాముల డిస్టిల్డ్ వాటర్ కలపండి. పదింతలు పలచనైంది. దీన్ని కొలవండి.

6. పట్టికతో పోల్చి, వచ్చిన శాతాన్ని 10తో గుణించండి. సూప్ రీడింగ్ 2.2 అనుకుందాం. 2.0కి 0.10 శాతం, 2.9కి 0.15 శాతం కాబట్టి మన శాంపిల్ సుమారు 0.11 దగ్గర పడుతుంది. అంటే అసలు సూప్‌లో 1.1 శాతం.

7. ఇక్కడితో ఆపేస్తే తప్పు. అదే సూప్‌ని ఉప్పు వేయకుండా చేసి, అదేలా పలచన చేసి కొలవండి. కూరగాయల్లో పొటాషియం లాంటి ఖనిజాలుంటాయి, అవీ కరెంటుని పారనిస్తాయి. ఉప్పులేని సూప్ 0.3 చూపిస్తే 2.2లోంచి అది తీసేయాలి. మిగిలిన 1.9ని పట్టికలో చూస్తే అసలు ఉప్పు 0.95 శాతం దగ్గరికి వస్తుంది. తేడా చిన్నది కాదు కదా.

పలచన చేయకుండా నేరుగా ముంచితే ఏం? చాలామంది అదే చేస్తారు. గాఢత పెరిగేకొద్దీ అయాన్లు ఒకదాన్నొకటి లాగుతూ కదలికను తగ్గిస్తాయి, ఉప్పుకీ ఈసీకీ మధ్య గ్రాఫు గీత వంగిపోతుంది. చిక్కదనం కూడా రీడింగ్‌ని కిందికి లాగుతుంది. పలచన చేస్తే ఈ రెండు గొడవలూ చాలావరకు పోతాయి.

*సరిగ్గా వచ్చిందో లేదో చూసుకునే పరీక్ష*

ఒకే సూప్ నుంచి 500 గ్రాములు చొప్పున రెండు భాగాలు తీయండి. ఒకదాంట్లో 2.5 గ్రాముల ఉప్పు అదనంగా కలిపి పూర్తిగా కరగనివ్వండి. రెండింటినీ పై పద్ధతిలో కొలవండి. తేడా 0.5 శాతం దగ్గర రావాలి. 0.45 నుంచి 0.55 మధ్య వస్తే మీ పద్ధతి బాగున్నట్టే. తక్కువ వస్తే ఉప్పు కరగలేదు, లేదా సరిగ్గా కలపలేదు. ఎక్కువ వస్తే తూకంలో పొరపాటుంది, లేదా మూత లేక నీరు ఆవిరైంది. కొత్త వంటకం కొలవడం మొదలుపెట్టిన ప్రతిసారీ ఈ పరీక్ష చేయండి. మీటరు కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్ కంటే నాకు దీనిమీదే నమ్మకం ఎక్కువ.

ఉప్పు తగ్గించుకోవాల్సినవాళ్లకు ఒక హెచ్చరిక. సోడియం తక్కువ అని అమ్మే ఉప్పుల్లో పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. గ్రాముకు గ్రాము చూస్తే అది కూడా దాదాపు ఉప్పంత కరెంటునే పారనిస్తుంది, ఈసీ మీటరుకి తేడా తెలియదు. వంటసోడా, గ్లూటమేట్ (అజినమోటో) కూడా లెక్కలోకి వచ్చేస్తాయి. ఆరోగ్యం కోసం కొలుస్తుంటే సోడియంని మాత్రమే గుర్తించే అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్ కావాలి, లేదా ల్యాబ్ పరీక్ష చేయించాలి. లెక్కకు ఒక అంకె గుర్తుంచుకోండి: ఒక గ్రాము ఉప్పులో సోడియం 0.39 గ్రాములు.

పులుపు: పీహెచ్ మీటరుతో, ఆపైన టైట్రేషన్‌తో

1. ప్రోబ్ ఎండిపోయి ఉంటే నిల్వ ద్రావణంలో కొన్ని గంటలు నాననివ్వండి. డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టొద్దు. అది ప్రోబ్ లోపలి లవణాన్ని బయటికి లాగేస్తుంది.

2. ముందు 7.00 బఫర్, తర్వాత 4.01 బఫర్‌తో కాలిబ్రేట్ చేయండి. ఆహారాలు ఎక్కువగా ఈ రెండింటి మధ్య, లేదా 4కి కిందే ఉంటాయి. వాడిన బఫర్ని సీసాలోకి తిరిగి పోయకండి.

3. మీటరు స్లోప్ (పీహెచ్ మారితే ప్రోబ్ వోల్టేజీ ఎంత మారుతుందో) చూపిస్తే చూడండి. 25 డిగ్రీల దగ్గర ఆదర్శ ప్రోబ్ ఒక్కో పీహెచ్ మెట్టుకు 59.16 మిల్లీవోల్టులు ఇస్తుంది. అందులో 95 నుంచి 105 శాతం మధ్య ఉంటే సరే. 90 దాటి రాకపోతే ముందు శుభ్రం చేయండి, అయినా మారకపోతే ప్రోబ్ అయిపోయినట్టే.

4. 4.01 బఫర్ని ఇంకో గ్లాసులో కొత్తగా పోసి, తెలియని శాంపిల్‌లా కొలవండి. 0.05కి మించి తేడా ఉంటే మళ్లీ మొదటికి.

5. శాంపిల్‌ని ఇక్కడ పలచన చేయకండి. ఉప్పు దగ్గర చేసిన అలవాటుతో ఇక్కడా నీళ్లు పోసేస్తుంటారు.

6. ముంచి, మెల్లగా తిప్పి, ఆపి, పది సెకన్లలో అంకె 0.02 కంటే కదలనప్పుడు రాసుకోండి. చిక్కటి సాస్‌లో ఒకట్రెండు నిమిషాలు పట్టొచ్చు. తొందరపడొద్దు.

7. కడిగి, టిష్యూతో అద్దండి. రుద్దితే గాజు మీద స్థిర విద్యుత్తు చేరి తర్వాతి రీడింగ్ ఊగుతుంది.

ఆటో ఉష్ణోగ్రత సవరణ గురించి అపోహ ఒకటుంది. అది ప్రోబ్ స్లోప్‌ని మాత్రమే సవరిస్తుంది. వేడికి శాంపిల్ పీహెచ్ నిజంగానే మారితే దాన్ని వెనక్కి తేలేదు. కాబట్టి పోల్చాలనుకున్నవన్నీ ఒకే ఉష్ణోగ్రతలో కొలవాలి.

ఇంకోటి, పీహెచ్ లాగరిథమ్ స్కేలు. 4.0 నుంచి 3.5కి దిగితే "అర పాయింటే కదా" అనిపిస్తుంది. హైడ్రోజన్ అయాన్ల లెక్కలో అది మూడింతలకు పైగా పెరుగుదల.

అయితే నాలుకకు తెలిసే పులుపు పీహెచ్ ఒక్కదానితో తేలదు. ఒకే పీహెచ్ ఉన్నా వెనిగర్‌లోని అసిటిక్ ఆమ్లం హైడ్రోక్లోరిక్ ఆమ్లం కంటే పుల్లగా ఉంటుంది. ఎందుకంటే విడిపోని ఆమ్లం కూడా ద్రవంలో నిల్వ ఉంటుంది. ఆ మొత్తాన్ని పట్టుకోవాలంటే టైట్రేషన్ చేయాలి, అంటే ఆమ్లం తీరిపోయేదాకా క్షారం వేస్తూ ఎంత పట్టిందో చూడాలి. పళ్లరసాలు, సాస్‌లు చేసేవాళ్లు ఇది తప్పక నేర్చుకోవాలి.

- శాంపిల్ 10 గ్రాములకు 50 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ కలిపి, పీహెచ్ ప్రోబ్ అందులో ఉంచండి.
- 0.1 నార్మల్ (గాఢత కొలత) సోడియం హైడ్రాక్సైడ్‌ని బ్యూరెట్‌తోనో (గీతలున్న కుళాయి గొట్టం) సిరంజితోనో కొంచెం కొంచెం వేస్తూ కలపండి. పీహెచ్ 8.1 రాగానే ఆపండి. 7 దాటాక చుక్క చుక్క వేయాలి, అక్కడ అంకె దూకుతుంది.
- ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో దాన్ని 0.064తో గుణిస్తే సిట్రిక్ ఆమ్లం లెక్కలో శాతం వస్తుంది. అసిటిక్‌కి 0.060, మాలిక్‌కి 0.067, టార్టారిక్‌కి 0.075, లాక్టిక్‌కి 0.090. పళ్లరసానికి 12 మిల్లీలీటర్లు పట్టిందనుకోండి, 0.77 శాతం.

సోడియం హైడ్రాక్సైడ్ చర్మాన్ని, కళ్లను కాలుస్తుంది. గ్లవ్స్, కళ్లద్దాలు లేకుండా ముట్టుకోకండి. సీసా మూత తెరిచి ఉంచితే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని బలం తగ్గుతుంది కూడా. "వంటసోడాతో చేయొచ్చా?" అని అడుగుతుంటారు. చేయకండి. గ్యాస్ పొంగుతుంది, పీహెచ్ ముగింపు దగ్గర స్పష్టంగా దూకదు, లెక్క తేలదు.

ఈ పద్ధతి రుచికి మాత్రమే. సీసాల్లో నిల్వచేసే ఆహారం సురక్షితమా అని తేల్చడానికి ఇంట్లో తీసిన రీడింగ్ మీద ఆధారపడకండి. బాటులిజం అనే ప్రాణాంతక జబ్బు తెచ్చే సూక్ష్మజీవికి 4.6 పీహెచ్ హద్దు, దానికి పైన అది పెరగగలదు. ఆ హద్దుకు అటూ ఇటూ ఉన్నప్పుడు మీటరు చిన్న తప్పు కూడా ప్రాణాల మీదికి తెస్తుంది.

తీపి: రిఫ్రాక్టోమీటరుతో

ఇది అన్నిటికంటే తేలిక.

1. గాజు మీద డిస్టిల్డ్ వాటర్ చుక్కలు వేసి సున్నాకు సెట్ చేయండి.
2. 10 గ్రాముల చక్కెర, 90 గ్రాముల నీళ్లు కలిపి కొలవండి. 10.0 బ్రిక్స్ రావాలి. 0.2 కంటే ఎక్కువ తేడా ఉంటే గాజు తుడిచి మళ్లీ సున్నా చేయండి.
3. వడగట్టిన శాంపిల్ కొన్ని చుక్కలు వేసి అర నిమిషం ఆగి చదవండి. వేడి శాంపిల్ వేయకండి, గాజు మీదే నీరు ఆవిరైపోతుంది.

బ్రిక్స్ అంటే 100 గ్రాముల ద్రావణంలో ఇన్ని గ్రాముల చక్కెర అని. కానీ పరికరం చూసేది కాంతి ఎంత వంగుతుందన్నదే. ఉప్పు, ఆమ్లాలు, ఇతర కరిగే పదార్థాలు అన్నీ దాన్ని వంచుతాయి. 1 శాతం ఉప్పునీరు కూడా 1 బ్రిక్స్‌కి పైగానే చూపిస్తుంది. ఉప్పగా ఉన్న సాస్‌లో తీపి కొలిచేటప్పుడు ఇది మర్చిపోవద్దు. ఆల్కహాల్ ఉంటే బ్రిక్స్ అంకెను అసలు పట్టించుకోకండి.

పళ్లరసం చేసేవాళ్లకు బ్రిక్స్ కంటే బ్రిక్స్‌ని ఆమ్లం శాతంతో భాగిస్తే వచ్చే నిష్పత్తి ఎక్కువ పనికొస్తుంది. 11.5 బ్రిక్స్, 0.77 శాతం ఆమ్లం ఉంటే నిష్పత్తి 15. చక్కెర అంతే ఉండి ఆమ్లం 1.1కి పెరిగితే నిష్పత్తి 10.5కి పడుతుంది, అదే రసం నోట్లో పుల్లగా తగులుతుంది.

చక్కెరకు బదులు స్వీటెనర్ వాడితే రిఫ్రాక్టోమీటరు చేతులెత్తేస్తుంది. సుక్రలోజ్ చక్కెర కంటే సుమారు 600 రెట్లు తియ్యన. అది ఎంత తక్కువ పడుతుందంటే కాంతి వంపులో కనిపించనే కనిపించదు. టీడీఎస్ మీటరుతో తీపి కొలవాలనుకునేవాళ్లకు కూడా ఇక్కడే చెప్పేస్తాను: చక్కెర అయాన్లుగా విడిపోదు, కరెంటు పారదు, ఎంత పోసినా మీటరు పట్టించుకోదు. షుగర్ టెస్టు చేసే గ్లూకోమీటరు కూడా వద్దు. అది గ్లూకోజ్‌నే చూస్తుంది, మామూలు చక్కెరను చూడదు. పైగా 5 శాతం గ్లూకోజ్ అంటే డెసిలీటరుకు 5000 మిల్లీగ్రాములు, ఆ మీటరు పరిధికి ఎన్నో రెట్లు ఎక్కువ.

అంకెల్ని నాలుకతో సరిచూడటం

నచ్చిన బ్యాచ్ అంకెలు ఒక వరుసలో రాయండి: ఉప్పు శాతం, పీహెచ్, ఆమ్లం శాతం, బ్రిక్స్, ఉష్ణోగ్రత, తేదీ. కొత్త బ్యాచ్‌ని దాని కింద రాయండి. ఎంత తేడా వస్తే పట్టించుకోవాలి? గాఢతలో సుమారు 20 శాతం తేడా ఉంటే మనుషులు గుర్తుపట్టగలరని రుచి సెన్సర్ల రంగంలో వాడే లెక్క. కాబట్టి ఉప్పు 1.00 నుంచి 1.03కి వెళ్లిందని టెన్షన్ పడక్కర్లేదు. 10 శాతం దాటితే ఒక కన్నేయండి, 20 దాటితే సరిచేయండి.

అనుమానం ఉంటే ట్రయాంగిల్ పరీక్ష పెట్టండి. మూడు గ్లాసులు, రెండింటిలో ఒకే బ్యాచ్, ఒకదాంట్లో వేరేది. ఏది వేరో చెప్పమనండి. ఊరికే ఊహించినా మూడింట ఒకరు సరిగ్గా చెప్పేస్తారు. అందుకే 12 మందిలో కనీసం 8 మంది సరిగ్గా చెబితేనే నిజంగా తేడా ఉన్నట్టు లెక్క. రుచి చూపించే గ్లాసులు మీటరు పెట్టని వేరే శాంపిల్ నుంచి పోయాలి, వేడి కూడా మూడింటికీ ఒకటే ఉండాలి. ఎక్కడ ఏది పోశారో తెలిసినవాళ్లు వడ్డించకూడదు, ముఖంలో తెలిసిపోతుంది.

చేదు, ఉమామీ, కారం

వీటికి చవక మీటరు లేదు. ఉందని అమ్మేవాటిని కొనకండి. కారం అసలు మూల రుచుల్లో లేదు, అది నోట్లో వేడిని, నొప్పిని గుర్తించే నరాలు ఇచ్చే సంకేతం. పై మూడు మీటర్లకూ మిరప కనిపించదు.

చేదు, ఉమామీ కొలవాలంటే రుచి సెన్సర్ ఉన్న ల్యాబ్‌కి శాంపిల్ పంపాలి. జపాన్‌లోని క్యూషూ విశ్వవిద్యాలయంలో కియోషి టోకో బృందం రూపొందించిన పద్ధతిలో ప్లాస్టిక్‌లో లిపిడ్ (కొవ్వు జాతి పదార్థం) కలిపిన పల్చటి పొరలుంటాయి. రుచినిచ్చే పదార్థం పొరను తాకితే దాని వోల్టేజీ మారుతుంది. ముందుగా ఉమ్మికి బదులుగా వాడే రిఫరెన్స్ ద్రావణంలో వోల్టేజీ చూస్తారు, తర్వాత శాంపిల్‌లో చూస్తారు, కొంచెం కడిగి మళ్లీ రిఫరెన్స్‌లో చూస్తారు. మొదటి తేడా నోట్లో పెట్టుకున్నప్పటి రుచిని, చివరి తేడా మింగాక మిగిలే రుచిని సూచిస్తాయి. ల్యాబ్‌కి పంపేటప్పుడు మీ మంచి బ్యాచ్‌ని, తేడాగా ఉన్న బ్యాచ్‌ని కలిపి పంపండి. ఒక్కటే పంపితే వచ్చే రిపోర్టు చూసుకోవడానికి బాగుంటుంది, చేసేదేమీ ఉండదు.

సొంతంగా ఎలక్ట్రానిక్ నాలుక కట్టాలనుకుంటే

ప్రాజెక్టు చేసేవాళ్లకు ఇది. పేరు గొప్పగా ఉన్నా ఆలోచన సులువే: ఒక్కో సెన్సర్ అన్నిటికీ కొంచెం కొంచెం స్పందిస్తుంది. చాలా సెన్సర్ల స్పందనలు కలిపి చూస్తే ఒక్కో ఆహారానికి ఒక్కో నమూనా కనిపిస్తుంది.

1. మొదట హార్డ్‌వేర్ కొనకండి. పై మీటర్లతో 20, 30 శాంపిళ్లు కొలిచి ఒక పట్టిక చేయండి. మీ మొదటి ఎలక్ట్రానిక్ నాలుక అదే.

2. ప్రతి నిలువు వరుసను సగటు 0, వ్యాప్తి (స్టాండర్డ్ డీవియేషన్) 1 అయ్యేలా మార్చండి. లేకపోతే బ్రిక్స్ లాంటి పెద్ద అంకెలు పీహెచ్‌ని మింగేస్తాయి. తర్వాత పైథాన్‌లో పీసీఏ (చాలా కొలతలను కొన్ని ముఖ్యమైన అక్షాలకు కుదించే గణిత పద్ధతి) నడిపి, మొదటి రెండు అక్షాల మీద చుక్కలు గీయండి. ఒకే ఆహారం చుక్కలు దగ్గర దగ్గరగా పడాలి.

3. ఇది పనిచేశాకే బోర్డుకి వెళ్లండి. ఆర్డుయినో బోర్డులో ఉండే ఏడీసీ (వోల్టేజీని అంకెగా మార్చే చిప్పు) చాలదు, 16 బిట్ల ఏడీఎస్1115 లాంటిది పెట్టండి. పీహెచ్ గాజు ప్రోబ్ నిరోధం వందల మెగా ఓమ్‌లు ఉంటుంది, దాన్ని నేరుగా పిన్‌కి కలిపితే ఏమీ రాదు. ఎక్కువ ఇన్‌పుట్ ఇంపిడెన్స్ ఉన్న (ప్రోబ్ నుంచి దాదాపు కరెంటే లాగని) యాంప్లిఫయర్ మాడ్యూల్ తప్పనిసరి.

4. ఈసీ (కండక్టివిటీ) ప్రోబ్‌కి ఏసీ సంకేతమే ఇవ్వండి. డీసీ ఇస్తే ఎలక్ట్రోడ్ మీద పొర పేరుకుని రీడింగ్ నెమ్మదిగా జారుతుంది. రాగి తీగలు ముంచి "సెన్సర్" అనడం వీడియోల్లో బాగానే ఉంటుంది. పులుపులో రాగి కరుగుతుంది, మీరు కొలిచేది మీ తీగనే.

5. పీహెచ్, ఈసీ ప్రోబ్‌లు ఒకే గ్లాసులో ఒకేసారి ఉంటే ఒకదాని కరెంటు ఇంకోదాన్ని పాడుచేస్తుంది. ఐసొలేటెడ్ మాడ్యూల్స్ (కరెంటు దారులు ఒకదానితో ఒకటి కలవనివి) వాడండి, లేదా ఒకటి ఆపి ఇంకోటి చదవండి.

6. ప్రతి ఐదారు శాంపిళ్లకు ఒకసారి ఒకే రిఫరెన్స్ ద్రావణాన్ని కొలవండి. అది ఎంత జారిందో అంత మిగతావాటిలోంచి సవరించండి.

7. శాంపిళ్ల వరుసను కలగాపులగం చేయండి. ఉదయమంతా ఒక రకం, మధ్యాహ్నమంతా ఇంకో రకం కొలిస్తే మీ ప్రోగ్రామ్ రుచిని కాక సమయాన్ని నేర్చుకుంటుంది. చూడటానికి చుక్కలు అద్భుతంగా విడిపోతాయి, మర్నాడు మాత్రం ఏదీ కలవదు.

దీన్ని పట్టుకునే పరీక్ష ఒకటే. ఒక రోజు డేటా మొత్తం పక్కన పెట్టి, మిగతా రోజుల డేటాతో ప్రోగ్రామ్‌కి నేర్పించి, పక్కన పెట్టిన రోజుతో పరీక్షించండి. శాంపిళ్లను యాదృచ్ఛికంగా సగం సగం పంచి 98 శాతం సాధించామని చెప్పే రిపోర్టుల్లో చాలావాటికి ఈ పరీక్ష పెడితే అంకె కూలిపోతుంది. ప్రాజెక్టు రిపోర్టులో ఆ పడిపోయిన అంకెనే రాయండి, పరీక్షకులు అడిగేదీ అదే.

పని అయ్యాక

కొవ్వు అంటుకున్న ప్రోబ్‌లను గోరువెచ్చటి నీళ్లలో కొంచెం గిన్నెలు తోమే ద్రావణం వేసి ముంచి, బాగా కడగండి. పాలు, గుడ్డు లాంటి ప్రొటీన్ ఉన్నవి కొలిస్తే ఇది చాలదు, పెప్సిన్ (ప్రొటీన్‌ని కరిగించే ఎంజైమ్) కలిపిన క్లీనింగ్ ద్రావణం కావాలి. పీహెచ్ ప్రోబ్ మూతలో నిల్వ ద్రావణం పోసి నిలువుగా ఉంచండి. ఆ ద్రావణం దొరక్కపోతే తాత్కాలికంగా 4.01 బఫర్ పోయొచ్చు. మూత చుట్టూ తెల్లటి పొడి పేరుకుంటే భయపడకండి, అది ఎండిన పొటాషియం క్లోరైడ్. నీళ్లతో కడిగితే పోతుంది. ఈసీ ప్రోబ్‌ని మాత్రం కడిగి పొడిగా ఉంచినా ఏమీ కాదు.